రెండు పేర్ల మనుషులం

జూలై 24 జాషువా గారి వర్ధంతి. ఆ రోజు సిలబస్ పక్కన పెట్టి పిల్లలకు ‘గబ్బిలం’ చదివి వినిపించడం ఇరవై ఏళ్ళుగా నాకు అలవాటు. ఒంగోలుకూ చీరాలకూ నడుమ ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో నేను తెలుగు చెబుతాను. కిందటి జూలైలో తొమ్మిదో తరగతి పిల్లలకు చదివి వినిపిస్తున్నాను. ఆకలితో, అవమానంతో నలిగిపోయిన మనిషి తన గోడు కాశీ విశ్వనాథుడి చెవిన వేయమని గబ్బిలాన్ని బతిమాలుకునే చోటు వచ్చింది. గుడిలో వేలాడుతుంటావు కదా, శివుడి చెవి నీకు దగ్గర, పూజారి లేని వేళ చూసి నా కథ చెప్పమంటాడు. అక్కడికి వచ్చినప్పుడల్లా నా గొంతు పట్టేస్తుంది. సర్దుకుంటూ ఉండగా వెనక వరుసలో ఒక అబ్బాయి లేచాడు.

“టీచర్, జాషువా అంటే మా చర్చి పేరు కదండీ. మరి ఆయన శివుడికి ఎందుకు కబురు పెట్టారు?”

కొందరు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. “ఏ గుడి తలుపు తన ముఖాన మూశారో ఆ గుడిలో దేవుణ్ణే కదా నాయనా అడగాలి” అన్నాను. వాడు తలూపి కూర్చున్నాడు. కానీ ఆ సాయంత్రం బస్సులో ఇంటికి వస్తుంటే నా జవాబు నాకే చాలలేదనిపించింది. వాడు అడిగింది శివుడి గురించి కాదు, పేరు గురించి. ఆ పేరున్న మనిషి ఈ మాట ఎలా మాట్లాడాడని. మా ఇంట్లో మూడు తరాలుగా ఉన్న ప్రశ్న అది.

నాకు రెండు పేర్లు. సర్టిఫికెట్లలో రమాదేవిని. మా పల్లె ప్రార్థన మందిరంలో కరుణను. మా పల్లెలో నా ఈడు వాళ్ళలో చాలామందికి ఇంతే. బడి పేరు ఒకటి, బాప్తిస్మం పేరు ఒకటి. బయటివాళ్ళకు ఇది ఏదో దాచినట్టు కనిపిస్తుందని నాకు తెలుసు. దాచింది ఎవరో, దాచాల్సిన అవసరం ఎందుకు వచ్చిందో చెప్పుకోవాలని ఈ రాత.

రెండేళ్ళ కిందట అమ్మ పోయాక ఆమె ఇనప్పెట్టె సర్దాను. పట్టుచీర ఒకటి, కీర్తనల పుస్తకం, నాన్న కళ్ళజోడు. అడుగున పాత క్యాలెండరు కాగితంలో చుట్టి మూడు టీసీలు. తాతది 1938 నాటిది, మిషన్ బడి ఇచ్చినది. అంచులు పురుగు కొట్టేసినా మధ్యలో సిరా చెక్కుచెదరలేదు. కులం గడిలో ‘ఆది ఆంధ్ర’, మతం గడిలో ‘క్రిస్టియన్’. నాన్నది 1964 నాటిది. కులం ‘హరిజన’, మతం ‘హిందూ’. నాది 1990 నాటిది. ‘ఎస్సీ, మాదిగ’, మతం ‘హిందూ’.

ఒకే ఇంటి గడపలో పుట్టిన మూడు తరాలకు మూడు కులాలు, రెండు మతాలు. తాతా నాన్నా మాత్రం ప్రతి ఆదివారం ఒకే చాప మీద కూర్చుని ఒకే కీర్తన పాడేవారు.

ఆ గడులు నింపిన గుమాస్తాలు ఎవరో గాని, వాళ్ళు సొంతంగా రాసిందేమీ లేదు. ఒక్కో మాట వెనక ఒక్కో కాలం ఉంది. 1917లో విజయవాడలో పంచముల మహాసభ జరిగింది. హైదరాబాదు నుంచి వచ్చిన భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షులు. నాలుగు వర్ణాల తర్వాత ఐదోవాళ్ళం అని చెప్పే ‘పంచమ’ అనే పేరు మాకు వద్దు, మేము ఈ నేలకు మొదటివాళ్ళం, ఆది ఆంధ్రులం అన్నారు. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆ పేరును కాగితాల్లోకి ఎక్కించింది. మా తాతకు ఆ సభ సంగతి తెలియదు. కానీ ఆ పేరంటే ఇష్టం. ‘ఆది’ అంటే అన్నిటికన్నా ముందు అని అర్థం కదమ్మా అని నన్ను అడిగేవాడు, నేను తెలుగు చదువుతున్నానని. అవును తాతా అంటే ఆయన ముఖం చూడాలి.

‘హరిజన’ సంగతి వేరు. గాంధీ గారు పెట్టిన పేరు అది. మా నాన్న గాంధీ గారిని ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. ఒకసారి మాత్రం, “పేరు పెట్టినవారు మంచివారే. పెట్టేముందు మనల్ని ఒక్క మాట అడగాల్సింది” అన్నాడు. ఆ పేరు గురించి ఎన్నో వ్యాసాలు చదివాను గాని నాన్న మాటలో ఉన్నంత బరువు నాకు వాటిలో దొరకలేదు.

ఇక మతం గడి. 1950 ఆగస్టు 10న రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. హిందూ మతం కాక మరో మతం అనుసరించేవారిని షెడ్యూల్డ్ కులాల వారిగా లెక్కించరాదని అందులో ఉంది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలించారు. క్రైస్తవులకు సడలించలేదు. మన రాష్ట్రంలో మతం మారిన ఎస్సీలు బీసీ–సి కిందికి వస్తారు, ఒక్క శాతం రిజర్వేషను. మందిరానికి వెళ్ళినందుకు మా వాడ ఊరి మధ్యకు జరగలేదు. టీ కొట్టులో గ్లాసు మారలేదు. ఊరు మమ్మల్ని మాదిగలుగానే చూసింది, కాగితం మాత్రం మాదిగలు కాదంది. నాన్నను బడిలో వేసినప్పుడు తాత ఆ గడిలో ఏమి రాయించాలో రాత్రంతా ఆలోచించాడట. ఆ రాత్రి ఆయన పడిన వేదన నాకు తెలుసు కాబట్టి మా రెండు పేర్లను ఎవరైనా మోసం అంటే నేను ఊరుకోను.

అసలు మా ఇంట్లోకి బైబిలు ఎలా వచ్చిందంటే కాలువ తవ్వకం మీదుగా వచ్చింది. 1876–78 కరువులో మా ప్రాంతం మాడిపోయింది. బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం పనిని ఒంగోలు బాప్టిస్టు మిషన్‌కు చెందిన క్లౌ దొర గుత్తకు తీసుకుని మాదిగలకు కూలి చూపించారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మాలు ఇచ్చారు. మా తాత వాళ్ళ నాయనమ్మ ఆ కాలువలో మట్టి మోసిందని, ఆ రోజు గుండ్లకమ్మలో మునిగినవాళ్ళలో ఉందని మా ఇంట్లో చెప్పుకుంటారు. నీళ్ళలోంచి లేచేసరికి ఆమె రూతమ్మ. అంతకు ముందు ఆమె పేరేమిటో మా ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు.

తాత చెప్పులు కుట్టేవాడు. చెప్పులు, చర్నాకోలలు, ఎద్దుల మెడ పట్టీలు, మోట బొక్కెనలు. తంగేడు చెక్కతో తోలు ఊనేవాడు. తోలు నానబెట్టే లంద వాసన ఆయన చేతులను చివరిదాకా వదల్లేదు. మిషన్ బడిలో ఐదో తరగతి దాకా చదివాడు కాబట్టి కొలతలు పుస్తకంలో రాసుకునేవాడు. ఆ పుస్తకం నా దగ్గర ఉంది. ప్రతి పేజీలో పేరు, పాదం పొడవు, వెడల్పు, కళ్ళంలో రావాల్సిన గింజలు. ప్రతి పేరు చివరా ‘గారు’. పదేళ్ళ పిల్లవాడి చెప్పుల కొలత పక్కన కూడా ‘గారు’. ఆ పిల్లవాడే వీధిలో ఎదురుపడితే అరవై ఏళ్ళ మా తాతను ‘ఒరే’ అనేవాడు. తాత ‘అయ్యా’ అని పలికేవాడు. ఆయన కుట్టిన కిర్రు చెప్పులు ఊరి వీధుల్లో కిర్రుకిర్రుమంటూ నడిచేవి. ఆ వీధి మొదట్లోకి రాగానే ఆయన తన చెప్పులు విడిచి చేత పట్టుకునేవాడు. ఇవన్నీ నేను పుస్తకాల్లో చదివినవి కాదు. ఆయన వెనక నడుస్తూ చూసినవి. నా చెప్పులు కూడా నా చేతిలోనే ఉండేవి.

‘గబ్బిలం’ నాకు కాలేజీలో ఎదురైంది. 1941 నాటి పుస్తకం. మేఘాన్ని రాయబారం పంపిన కాళిదాసును మాస్టారు చాలా ఇష్టంగా చెప్పి, ఆ కోవలోనే ఇది కూడా అని ‘గబ్బిలం’ ముగించేశారు. నేను ఇంటికి తెచ్చుకుని చదివాను. మొదట నా కంటికి ఆనింది ఆ నాయకుడికి పేరు లేకపోవడం. కావ్యమంతా నడిపించే మనిషికి జాషువా గారు పేరు పెట్టలేదు. అరుంధతీ సుతుడు అన్నారు, భరతభూమికి కడగొట్టు బిడ్డ అన్నారు. పెళ్ళిలో వధూవరులకు ఆకాశంలో చూపించే అరుంధతిని మాదిగలు తమ ఆడపడుచు అని చెప్పుకుంటారు. ఊరంతా తలెత్తి చూసే నక్షత్రం పేరును తీసుకొచ్చి, ఊరు తల దించి కూడా చూడని మనిషికి తల్లిపేరుగా ఇచ్చారు. పేరు లేనివాడికి వంశం ఇచ్చారు. ఈ సంగతి ఆ రోజు మాస్టారు చెప్పి ఉంటే నేను బెంచీ మీద నిటారుగా కూర్చునేదాన్ని.

జాషువా గారికి ముందే, 1921లో, రాజమండ్రి కుసుమ ధర్మన్న ‘మాకొద్దీ నల్లదొరతనము’ అన్నారు. తెల్లదొరతనం వద్దని దేశమంతా పాడుతున్నప్పుడు, మా నెత్తిన ఉన్న దొర నల్లవాడని చెప్పడానికి ఎంత ధైర్యం కావాలి! తర్వాత బోయి భీమన్న ‘పాలేరు’ నాటకం రాశారు. పాలేరు కొడుకులు బడికి పోవచ్చన్న ఆశను ఆ నాటకం పల్లెలకు మోసుకెళ్ళింది. కొలకలూరి ఇనాక్ ‘ఊరబావి’ కథలో ఊరివాళ్ళ బావిలో చచ్చిన గొడ్డు పడుతుంది, అదీ ఒక ఆడమనిషి తెగువ వల్ల. వీళ్ళందరూ ఉన్నారు. కానీ మా వాడలో ఎవరికీ తెలియదు. వాళ్ళ పేర్లు మాదాకా రావడానికి ఇంకో జూలై కావలసి వచ్చింది.

1985లో నాకు పదేళ్ళు. కారంచేడు మాకు దూరం కాదు. మాదిగలు తాగే చెరువులో పెద్ద కులం వాళ్ళు పశువుల కుడితి తొట్లు కడుగుతుంటే వద్దన్నందుకు గొడవ మొదలైంది. కొట్టబోయిన వాళ్ళకు అడ్డంగా మున్నంగి సువార్త తన నీళ్ళ బిందె ఎత్తింది. మర్నాడు, జూలై 17న, మాదిగపల్లె మీద పడ్డారు. ఆరుగురిని చంపారు. బతికినవాళ్ళు చీరాలకు పారిపోయి శిబిరంలో తలదాచుకున్నారు. మా వాడలో మూడు రాత్రులు ఎవరూ దీపం పెట్టలేదు. నాన్న మరో ఇద్దరితో కలిసి శిబిరానికి బియ్యం మోసుకెళ్ళాడు.

పేపరు వచ్చాక తాత అరుగు మీద కూర్చుని చనిపోయినవారి పేర్లు పైకి చదివాడు. దుడ్డు మోషే. దుడ్డు వందనం. తేళ్ళ మోషే. తేళ్ళ యెహోషువ. లోపల పొయ్యి దగ్గరున్న అమ్మ ఆ పేర్లు విని, తాత బైబిలు చదువుతున్నాడనుకుంది. ఈ మాట అమ్మ నాకు చాలాసార్లు చెప్పింది, చెప్పిన ప్రతిసారీ కొంగు నోట్లో కుక్కుకునేది.

యెహోషువ అన్నా జాషువా అన్నా ఒక్కటే. హెబ్రీ పేరు తెలుగు బైబిలులో అలా పలికింది, ఇంగ్లీషు మీదుగా వచ్చి ఇలా పలికింది. నాకది ఎమ్మే చదివేటప్పుడు తట్టింది. ఆ రోజు హాస్టల్ మేడ మీద చాలాసేపు ఒంటరిగా కూర్చున్నాను. ఒక జాషువా గబ్బిలంతో కబురు పంపాడు. నలభై నాలుగేళ్ళ తర్వాత ఇంకో జాషువాను, మంచినీళ్ళు అడిగిన పల్లెలో పుట్టినందుకు, చంపారు. కబురు ఇంకా చేరలేదు.

ఆ సెప్టెంబరులోనే దళిత మహాసభ ఏర్పడింది. దాన్ని నడిపిన కత్తి పద్మారావు, బొజ్జా తారకం మా ఇళ్ళలో వినిపించే పేర్లయ్యారు. ‘దళిత’ అనే మాట మా వాడకు అప్పుడే వచ్చింది. అణిచివేయబడినవారు, నలిగినవారు అని దాని అర్థం. మహారాష్ట్రలో దళిత పాంథర్లు 1972లోనే ఆ పేరుతో లేచారు. నలిగినవాళ్ళం అని మనకు మనమే పేరు పెట్టుకోవడం ఏమిటని తాత మొదట ఒప్పుకోలేదు. ఆయనకు ‘ఆది’ ఉండనే ఉంది. నాన్నే సర్దిచెప్పాడు. “ఇందులో నలిపినవాడు కూడా ఉన్నాడు నాన్నా. మిగతా పేర్లలో వాడు కనపడడు” అన్నాడు. నాన్న చదివింది పదో తరగతి. నేను ఆ తర్వాత ఎన్ని నిర్వచనాలు చదివినా పిల్లలకు నాన్న చెప్పిందే చెబుతాను. 2018లో టీవీలు ఆ మాట వాడకుండా ఉంటే మంచిదని కేంద్రం సలహా ఇచ్చినప్పుడు నాన్న లేడు. ఉంటే మళ్ళీ అదే అనేవాడేమో, ఒక్క మాట అడగాల్సిందని.

తర్వాతి పదేళ్ళలో కవిత్వం ముంచెత్తింది. 1995లో జి. లక్ష్మీనరసయ్య, త్రిపురనేని శ్రీనివాస్ సంపాదకత్వంలో ‘చిక్కనవుతున్న పాట’ వచ్చింది. డిగ్రీలో నా స్నేహితురాలూ నేనూ డబ్బులు కలిపి విజయవాడలో కొన్నాం. ఇద్దరికీ ఒకటే పుస్తకం. వారం ఆమె దగ్గర, వారం నా దగ్గర. తిరుగు ప్రయాణంలో బస్సు కుదుపులకు అక్షరాలు ఎగురుతున్నా చదవడం ఆపలేదు. నేను అప్పటిదాకా చదివిన తెలుగులో మల్లెలు, వెన్నెల, గోదారి గట్టు ఉండేవి. అవి నావి కావని ఎవరూ చెప్పలేదు, నావేనని కూడా అనిపించలేదు. ఆ కవుల పుస్తకాలకు పెట్టిన పేర్లే చూడండి. మద్దూరి నగేష్‌బాబు ‘వెలివాడ’ అన్నారు. శిఖామణి ‘కిర్రు చెప్పుల భాష’ అన్నారు. ఎండ్లూరి సుధాకర్ ‘కొత్త గబ్బిలం’ ఎగరేశారు. మమ్మల్ని తిట్టడానికి వాడిన మాట, మేము చేత పట్టుకుని నడిచిన చెప్పు, అట్ట మీద పెద్ద అక్షరాల్లో! ‘కిర్రు చెప్పుల భాష’ అని చదవగానే నాకు తాత కొలతల పుస్తకం గుర్తొచ్చింది. ఆ చెప్పులకు ఒక భాష ఉంటుందని ఊహించినవాడు ఆ వీధి మొదట్లో నిలబడి వినే ఉంటాడు.

కలేకూరి ప్రసాద్ సంగతి చెప్పకుండా ఉండలేను. ‘కర్మభూమిలో పూసిన ఓ పువ్వా’ పాట వరకట్నానికి బలైన ఆడపిల్లల కోసం రాశారు. అది సినిమాలోకి వెళ్ళింది, బడి వార్షికోత్సవాల్లోకి వచ్చింది. మా బడిలో ఏటా ఎవరో ఒక అమ్మాయి పాడుతుంది, తల్లులు కళ్ళు ఒత్తుకుంటారు. రాసినవారెవరని అడిగితే వేదిక మీద ఉన్న పెద్దలకు తెలియదు. ‘పిడికెడు ఆత్మగౌరవం కోసం’ అని రాసిన మనిషి ఆయనే. 2013లో పోయారు. అప్పటినుంచి మా బడిలో ఆ పాటకు ముందు ఆయన పేరు మైకులో చదవనిదే నేను పాడనివ్వను.

జి. కళ్యాణరావు ‘అంటరాని వసంతం’ 2000లో వచ్చింది. అందులో ఎల్లన్న కొడుకు శివయ్య, శివయ్య కొడుకు రూబేను. మధ్యలో కరువు, బకింగ్‌హామ్ కాలువ. మా ఇంట్లో నోటి మాటగా ఉన్నదంతా నవలలో కనపడేసరికి నిద్ర పట్టలేదు. శివయ్య కడుపున రూబేను పుట్టడం చాలామంది పాఠకులకు కథలో మలుపు. మాకు అది ఇంటి రేషన్ కార్డు.

అమ్మ మాత్రం ఈ పుస్తకాలు దేనికీ చలించలేదు. నేను చదివి వినిపిస్తే పప్పు రుబ్బుకుంటూ వినేది, బాగుందనేది. 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో ‘నల్లపొద్దు’ వచ్చింది. 1921 నుంచి 2002 దాకా దళిత స్త్రీలు రాసినవి ఏరి కూర్చిన పుస్తకం. అట్ట మీద అంకెలు చూపించి, ఎనభై ఏళ్ళుగా మన ఆడవాళ్ళు రాస్తూనే ఉన్నారమ్మా అన్నాను. రుబ్బడం ఆపింది. “ఎవరెవరు? పేర్లు చదువు” అంది. విషయసూచిక మొత్తం చదివించుకుంది. ఒక్క కవిత కాదు, ఒక్క కథ కాదు. పేర్లు. మా వాడలో అమ్మను అత్త పేరుతోనో, నాన్న పేరుతోనో, నా పేరుతోనో పిలిచేవారు. కూలి లెక్కల్లో ఆమె ‘ఫలానావాడి పెళ్ళాం’. సంతకం పెట్టడం వచ్చినా మేస్త్రీ వేలిముద్రే అడిగేవాడు, పని తొందరగా అయిపోతుందని.

జూపాక సుభద్ర ‘కొంగు’ కవిత మరో రోజు చదివాను. కొంగు అంటే సిగ్గు దాచుకునే గుడ్డ కాదు, చెమట తుడుచుకునేది, బరువు మోసేది అన్న కవిత. అమ్మ తన కొంగు ముడి విప్పి చూపించింది. ఆ రోజు కూలి డబ్బులు, మూడు పచ్చిమిరపకాయలు. ఇంకేమీ అనలేదు.

ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. దళిత అనే పేరు మమ్మల్ని కలిపింది, కొన్నిటిని కప్పింది కూడా. 1994 జూలై 7న మా జిల్లాలోనే ఈదుముడిలో, ఎస్సీ రిజర్వేషన్లలో మాదిగల వాటా అడిగే ఉద్యమం, మాదిగ దండోరా పుట్టింది. తిట్టుగా వాడిన కులం మాటనే పేరు చివర తగిలించుకుని మనుషులు వీధుల్లోకి వచ్చారు. మా తమ్ముడు తన పెళ్ళి శుభలేఖ మీద పేరు పక్కన ‘మాదిగ’ అని అచ్చు వేయించాడు. ఐదు వందల కార్డులు. నాన్న వాటిని ఊళ్ళో పంచడానికి రెండు రోజులు బయటికి కదల్లేదు. మూడో రోజు తెల్లచొక్కా తొడుక్కుని తానే పంచాడు.

పుస్తకం పంచుకుని చదివిన నా స్నేహితురాలు మాల. ఎస్సీ రిజర్వేషన్లను కులాల వారీగా పంచాలనే వర్గీకరణ మాట వచ్చాక మా ఇద్దరి మధ్యా మాటలు తగ్గాయి. ‘చిక్కనవుతున్న పాట’ ఆమె దగ్గరే ఉండిపోయింది. నేను అడగలేదు, ఆమె ఇవ్వలేదు. ఎవరి వాటా వారికి రావాలన్నదే నా అభిప్రాయం, అందులో దాపరికం లేదు. చెప్పులు కుట్టిన ఇంటి పిల్లలకు బడి ఎంత ఆలస్యంగా అందిందో నేను చూశాను. కానీ ఆమె లేని ఆ ఏళ్ళు నాకు నష్టమే. 2024 ఆగస్టు 1న రాష్ట్రాలు ఉపవర్గీకరణ చేసుకోవచ్చని సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన సాయంత్రం ఆమె ఫోను చేసింది. తీర్పు గురించి ఒక్క మాట మాట్లాడుకోలేదు. పుస్తకం అట్ట ఊడిపోయిందట, బైండు చేయించిందట.

చూస్తే అన్నీ జూలైలోనే ఉన్నాయి. వెల్లంపల్లి, ఈదుముడి, కారంచేడు, జాషువా గారి వర్ధంతి. వరి నాట్లకు ముందు, నీళ్ళకోసం ఎదురుచూసే నెల.

ఆ అబ్బాయి ప్రశ్నకు సరైన జవాబు నేను చెప్పలేను గాని, పిల్లలందరికీ ఒక ఇంటిపని ఇచ్చాను. మీ ముత్తాతల, ముత్తవ్వల పేర్లు ఇంట్లో అడిగి రాసుకురండి అన్నాను. కులం అడగలేదు, వాడ అడగలేదు. ఒక ఊరి అబ్బాయి ఏడు తరాలు రాసుకొచ్చాడు, ఇంట్లో తాళపత్రం మీద ఉన్నాయట. చక్కగా చదివాడు, అందరం చప్పట్లు కొట్టాం. పల్లె పిల్లలు రెండు తరాలు, మూడు తరాలు తెచ్చారు. ఒక్కో మనిషికి రెండు పేర్లు. గంగమ్మ, సమాధానం. పోలయ్య, ఏసోబు. ఒక అమ్మాయి తన ముత్తవ్వను పేరు అడిగినందుకు ఆ ముసలమ్మ సంతోషపడి పది రూపాయలు ఇచ్చిందట, ఎనభై ఏళ్ళలో తన పేరు ఎవరూ అడగలేదని చెప్పిందట.

ప్రశ్న అడిగిన అబ్బాయి చివర్లో వచ్చాడు. వాళ్ళ ముత్తాత పేరు రాసి ఉంది, ఊరి పేరు ఒకటి, చర్చి పేరు ఒకటి. ముత్తవ్వ గడి ఖాళీ. ఇంట్లో అందరినీ అడిగాడట, పక్క ఊళ్ళో ఉన్న నాయనమ్మ చెల్లెలి దగ్గరికి సైకిలు మీద వెళ్ళి అడిగాడట. ఎవరికీ గుర్తు లేదు. చెప్పులు కుట్టేవాడి భార్య అని మాత్రం చెప్పారు.

“టీచర్, ఇక్కడ ఏమి రాయాలండీ?”

నేను నా నోటుపుస్తకం తెరిచి చూపించాను. పిల్లలతో పాటు నేనూ రాశాను. తాత వాళ్ళ నాయనమ్మ వరుసలో ‘రూతమ్మ’ అని ఉంది, దాని ముందు ఖాళీ.

వాడు రెండు ఖాళీలనూ కాసేపు చూసి, తన పుస్తకంలో ఆ గడి కింద స్కేలు పెట్టి గీత గీసుకున్నాడు. ఎప్పుడైనా తెలిస్తే రాస్తానన్నాడు.